మొలవని పలక

మా ఇంట్లో నాకు ముక్కు మీద కోపం అని పేరు. బొగ్గు బాయిలో పనిచేసే మా నాన్న షిఫ్టు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, ముందు అమ్మని అడిగే మాట "ఇయ్యాల దాని వాతావరణం ఎట్లుంది?" అని. అట్లాంటి దాన్ని ఏరికోరి ఓపికతో తప్ప జరగని పనిలో పడేశాడు దేవుడు. హైదరాబాదులో ఒక ల్యాబులో నేను చేసిన పరిశోధన అంతా ఎదురుచూడడమే. బెలూను కోసం ఎదురుచూపు, బెలూను ఎగరడానికి గాలి కోసం ఎదురుచూపు, ఎగిరింది దిగితే అది ఎక్కడ దిగిందో అని ఇంకో ఎదురుచూపు.

కాస్మిక్ కిరణాలు అంటారు గానీ అవి కిరణాలు కావు, కణాలు. ఎక్కడో నక్షత్రాలు పేలిన చోట బయల్దేరి పగలూ రాత్రీ మన మీద కురుస్తూనే ఉంటాయి. నేల దాకా వచ్చేసరికి గాలిని గుద్దుకుని ముక్కలు చెక్కలవుతాయి. అసలు సరుకు చూడాలంటే గాలి బాగా పల్చబడే చోటికి, స్ట్రాటోస్ఫియర్‌కి, మనమే ఎదురెళ్లాలి. మేము వెళ్లలేం కాబట్టి ఇల్లంత బెలూనుకు మా పెట్టెను కట్టి పంపేవాళ్లం. పైన తిరగాల్సినంత తిరిగాక రేడియోతో తాడు తెంపితే పెట్టె పారాచూట్‌తో దిగేది. దాన్ని వెతుక్కుంటూ మేము జీపులో పోయేవాళ్లం.

నా పెట్టెలో మీటర్లూ లేవు, తీగలూ లేవు. అద్దంలా కనిపించే ప్లాస్టిక్ పలకలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, అంతే. కణం వాటిలోంచి దూసుకుపోతే లోపల ఒక గాటు పడుతుంది. అది కంటికి కనబడదు. ల్యాబుకు తెచ్చి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడితే ఆ గాటు పెద్దదై చిన్న గుంటగా బయటపడుతుంది. ఇక మైక్రోస్కోపు కింద పెట్టి కళ్లు పోయేదాకా లెక్కపెట్టుకోవడమే. ఈ పలకలకు ఉన్న ఒకే ఒక్క శత్రువు వేడి. ఎక్కువకాలం వేడి తగిలితే లోపలి గాట్లు మెల్లగా మానిపోతాయి, మన ఒంటి మీద దెబ్బ మానినట్టు.

రెండువేల దశకం మధ్యలో సంగతి ఇది. నా ఫెలోషిప్పు అయిపోవచ్చింది. ఇంకో బెలూను లేదని మా సారు ముందే చెప్పేశారు. ఈ పెట్టె క్షేమంగా దొరికితే నాకు డాక్టరేటు, దొరక్కపోతే మా నాన్న దగ్గరికి బస్సు. మధ్యలో ఇంకో దారి లేదు.

పెట్టె మీద అతికించే తెలుగు నోటీసు రాయడం నా పని. "ప్రమాదకరం కాదు, ముట్టుకోవద్దు అని రాయి, చాలు" అన్నారు సారు. ముట్టుకోవద్దు అంటే మనవాళ్లు ముట్టుకోకుండా ఉంటారా అని నేను గొడవ పెట్టుకున్నాను. జనం మనసుకు తగిలేలా రాయాలని పంతం పట్టి, ఇట్లా రాశాను: "ఇది చాలా విలువైనది. తెరవకండి. మీ ఇంట్లో అన్నిటికన్నా విలువైనదాన్ని ఎట్లా దాచుకుంటారో అట్లా దాచి, పోలీసులకు తెలపండి." చదివి సారు కూడా మెచ్చుకున్నారు. నాలో ఒక రచయిత్రి ఉందని ఆ రోజంతా నాకు గర్వంగానే ఉంది.

గాలి లెక్కల ప్రకారం పెట్టె కుసుమంచి దగ్గర చేలల్లో దిగాలి. గాలికి మా లెక్కలు తెలియవు కదా. పెట్టె తూర్పుకు కొట్టుకుపోయి అడవి మీదికి పోయింది, జాడ చెప్పడానికి బయట కట్టిన రేడియో కూడా నోరు మూసుకుంది. నేనూ మా జీపు డ్రైవరూ వెతకడానికి బయల్దేరాం. డ్రైవర్ పాతబస్తీ మనిషి, మా నాన్న వయసువాడు. అడవి అంటే ఆయనకు పడదు. చాయ్ హోటల్ కనబడితే జీపు దానంతట అదే ఆగుతుంది.

బెలూను వెతకడంలో మాకొక పద్ధతి ఉంది. పెట్టె పడిందా అని ఎవరినీ అడగకూడదు, అడిగితే ఎవరూ చెప్పరు. పోలీసులకూ నక్సలైట్లకూ నడుమ నలిగే ఆ రోజుల్లో అడవి అంచున ఠాణాకు పోయి, ఆకాశంలోంచి పెట్టె పడిందని చెప్పే తీరిక ఎవరికీ లేదు, చెప్పి మామూలుగా ఇంటికి తిరిగొస్తామన్న నమ్మకమూ లేదు. అందుకని బట్ట గురించి అడగాలి. పారాచూట్ ఎర్రచారల నైలాన్. ఎక్కడ పడినా అది ఖాళీగా ఉండదు. ఇంకో రెండు మూడు వారాలకు ఎక్కడో ఒకచోట మిర్చి కల్లంలోనో, పందిరి మీదో, పెళ్లిలోనో తేలుతుంది.

జూలూరుపాడులో ఒక చాయ్ హోటల్ దగ్గర డ్రైవర్ గ్లాసు ఊదుకుంటూ అడిగాడు. "అన్నా, ఈడ ఎర్రచారల బట్ట ఎవరి దగ్గరన్న సూసిన్రా? మస్తు పెద్దది?"

హోటలాయన జవాబు చెప్పడానికి ఆలోచించను కూడా లేదు. "అవ్, లోపలి గూడెంల ఇప్పపువ్వు ఆరబోసిన్రు దాని మీద. నిన్ననే సూసిన" అన్నాడు.

మట్టిబాట పట్టి పోయాం. ఏప్రిల్ ఎండ. గూడెంలో కోయ ఇళ్లు కొన్ని, మధ్యలో ఖాళీజాగా. ఆ జాగా నిండా మా పారాచూట్ చక్కగా పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, దాని మీద ఊరందరి ఇప్పపువ్వూ ఆరబోసి ఉంది. ఆ వాసనకు డ్రైవర్ మొహం ఒక్కసారి వెలిగింది. గట్టిగా గాలి పీల్చి, "మేడం, అడవి అంటే నాకున్న అభిప్రాయం జర మారింది" అన్నాడు.

పువ్వు తిరగేస్తున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి లేచింది. మనిషి పొట్టి, మాట పొడుగు. మేము ఎవరమో చెప్పకముందే, "పెట్టె కోసమే గద? ఫికర్ జేయకు బిడ్డా. మా ఇంట్లనే ఉంది. మస్తు జాగ్రత్తగ దాసినం" అంది. నాకు కాళ్ల మీద పడి మొక్కాలనిపించింది. ఆమె వెనకే ఇంట్లోకి వెళ్లాను.

లోపల చీకటి. కళ్లు కుదురుకున్నాక ముందు పొయ్యి కనబడింది. పొయ్యి మీద కుండలో ఏదో కుతకుత ఉడుకుతోంది. కుండ పైన, ఇంటి కప్పు నుంచి వేలాడుతున్న వెదురు అటక. అటక మీద మొక్కజొన్న పొత్తులు, జొన్న కంకులు, గింజలు పోసి మూతి బిగించిన సొరకాయ బుర్రలు, అన్నీ పొగకు నల్లబడి ఉన్నాయి. వాటి మధ్యలో, సరిగ్గా మంట పైన, నా డాక్టరేటు.

నేను అరిచిన అరుపుకు బయట ఇప్పపువ్వు మీది కోళ్లు కూడా పారిపోయాయని డ్రైవర్ తరువాత చెప్పాడు.

"ఎందుకట్ల మొత్తుకుంటవ్?" అంది అవ్వ. "గీ కాయితం నీదే గద. మా మనవరాలు సదివి చెప్పింది. ఇంట్ల అన్నిటికన్న విలువైన సామాను ఎట్ల దాస్తరో గట్ల దాయమన్నవ్. మాకు విత్తనం కన్న విలువైంది ఏమున్నది? అందుకే విత్తనంతోని పెట్టినం. పొగ తగిలితె పురుగు పట్టదు."

నోటీసులో నేను రాసిన ప్రతి మాటా అక్షరాలా జరిగింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక నాకు ఇంకా కోపం వచ్చింది. "అవ్వా, ముందు దాన్ని దించు, జల్దీ" అన్నాను.

"ఇప్పుడు దించొద్దు" అంది అవ్వ, నేను చిన్నపిల్లలా ఏదో అడిగినట్టు. "అటక మీదికెళ్లి విత్తనం దించుడు విత్తనాల పండుగ నాడే. ఆ దినం దాక ఎవ్వలు చెయ్యి పెట్టరు. నీ పెట్టె విత్తనంతోని ఎక్కింది, విత్తనంతోనే దిగుతది."

"పండుగ ఎప్పుడు?"

"వానలకు ముందుగాల. పెద్దాయిన చెప్పిన నాడు."

వానలకు ముందు అంటే ఇంకా ఎన్నో వారాలు. ఆ వారాలన్నీ కింద మంట. ఆ పెద్దాయన ఎవరో పిలవమన్నాను. ఊరి పూజలూ పంచాయితీలూ చూసే ఆయనట. మెల్లగా వచ్చి గడపలో గొంతుక్కూర్చుని, అవ్వ చెప్పిందంతా వాళ్ల కోయ మాటల్లో విని, తరువాత నాతో తెలుగులో ఎంతో మర్యాదగా అన్నాడు. "పెట్టె నీదే, మాకెందుకు? దాంట్ల ఉన్నది విత్తనం గాకుంటె ఇప్పుడే దించుకపో. విత్తనమైతె మాత్రం ఆగాలె. ఏమున్నదో చెప్పు."

హమ్మయ్య అనుకున్నాను. సెమినార్లలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లకు చెప్పినదాన్ని, ఇక్కడ చెప్పలేనా? గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"పైనుంచి పడ్డయి ఉన్నయి దాంట్ల."

"కండ్లకు కనబడతయా?"

"కనబడవు. లోపల ఉంటయి."

"మరి ఉన్నట్టు ఎట్ల ఎరుక?"

"నీళ్లల్ల నానబెట్టాలె. నానబెడితె అప్పుడు ఒక్కొక్కటి బయటికొస్తయి."

డ్రైవర్ నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మేడం, ఇంగ బస్. ఏం చెప్పకుండ్రి" అన్నాడు మెల్లగా. నేను వినిపించుకునే స్థితిలో లేను.

"అన్నీ వస్తయా?" అనడిగాడు పెద్దాయన.

"అన్నీ రావు. కొన్ని పాడైతయి. వచ్చినయి లెక్కపెట్టుకుంటం."

"మేం గూడ గంతే" అన్నాడు పెద్దాయన. అవ్వ వైపు తిరిగి తల ఊపాడు. పంచాయితీ అయిపోయింది. నా పెట్టె విత్తనమేనని నేనే సాక్ష్యం చెప్పి, నేనే ఓడిపోయాను.

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. మా నాన్న భయపడే రకం కోపం. "మీకు అర్థం కాదా? ఈ మంటకు లోపలున్నయన్ని సచ్చిపోతున్నయి!" అని అరిచాను.

అవ్వ మొహం మారిపోయింది. "సస్తయా?" అంది.

"సస్తయి. ఇవి వేడికి ఆగవు."

అవ్వ కుండ దించి పక్కన పెట్టింది. మండుతున్న కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి వాకిట్లో పడేసింది. బిందెలో నీళ్లు తెచ్చి పొయ్యిలో పోసింది. గుప్పుమని బూడిద లేచి మా అందరి మొహాలూ తెల్లబడ్డాయి. ఆ బూడిదలోంచి నన్ను తిట్టింది. "ముందుగాల్నే చెప్పొద్దా? అన్ని కతలు చెప్పినవ్, గా ఒక్క ముచ్చట చెప్పలె. ఒక్కో గింజది ఒక్కో తీరు. గింజ సస్తదని తెలిస్తె పొయ్యి ఎందుకు పెడుత నేను?"

పెట్టె దించే మాట మాత్రం లేదు. పండుగ దాకా ఆ ఇంట్లో పొయ్యి పెట్టబోమంది. మొక్కజొన్నకు ఇప్పటికే చాలినంత పొగ తగిలిందట. వంట ఇక వాకిట్లోనే. ఏప్రిల్ ఎండలో, మూడు రాళ్ల మీద, నా పలకల కోసం. అది విని నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు నాకు బాగా అలవాటే గానీ, ఇది అది కాదు.

జూలూరుపాడుకు వచ్చి ఎస్టీడీ బూత్ నుంచి సారుకు ఫోన్ చేశాను.

"పెట్టె దొరికిందా?"

"దొరికింది సార్. విత్తనాలతో పాటు అటక మీద ఉంది. పండుగ నాడు దించుతారట."

"ఏ తారీకు?"

"తారీకు లేదు సార్. ఊరి పెద్ద ఆకాశం చూసి, గాలి చూసి చెబుతాడట."

బూత్ వాడి మీటరు పరుగెడుతోంది. మా సారు తన ఉద్యోగమంతా బెలూను ఎగరేయడానికి గాలి అనుకూలించే రోజు కోసం కూర్చున్న మనిషి. ఎగరేసే తారీకు చెప్పమని పైవాళ్లు అడిగినప్పుడల్లా, ఆకాశం చూసి చెబుతాం అని రాసిన మనిషి. "సరే, అయితే తొందరపెట్టకండి" అన్నారు చివరికి. ఆ ఒక్క విషయం ఆయనకు నాకన్నా బాగా అర్థమైంది.

పారాచూట్ కూడా తేలేదు. పువ్వు ఎండలేదు మరి.

పండుగ కబురు జూలూరుపాడు చాయ్ హోటలాయన ఫోన్ చేసి చెప్పాడు. వెళ్లేసరికి గూడెంలో డప్పులు. ప్రతి ఇంటి అటక మీది నుంచి విత్తనాలు దిగాయి. నా పెట్టె కూడా దిగింది. అవ్వ దాని మసి తుడిచి, మిగతా విత్తనాల గంపలకు పూసినట్టే పసుపు పూసి ఉంచింది. నా నోటీసు మీద కూడా పసుపు పడి, "విలువైనది" అన్న మాట ఒక్కటే కనిపిస్తోంది. దాన్ని ఎత్తుకుని జీపు వైపు పోబోయాను.

"ఆగు, పిల్లా" అన్నాడు పెద్దాయన. "నీ వంతు?"

ప్రతి ఇంటి విత్తనంలోంచి ఒక గుప్పెడు తీసి, అన్నీ కలిపి, ముందుగా భూమికి ఇవ్వాలట. ఆ తరువాతే ఎవరి విత్తనం వాళ్లు చల్లుకోవాలి. ఊళ్లో అటక ఎక్కిన విత్తనానికి మినహాయింపు లేదు. నేను డ్రైవర్ వైపు చూశాను. ఆయన అప్పటికే పానాలు తెచ్చి బోల్టులు విప్పుతున్నాడు.

నాకు వెంటనే ఒక తెలివైన ఆలోచన వచ్చింది. అన్నిటికన్నా పైన ఉండే పలక రక్షణ కోసం పెట్టింది, దాన్ని మేము లెక్కలోకి తీసుకోం. అది ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది. చెయ్యి దాని మీద వేశానో లేదో, అవ్వ నా మణికట్టు పట్టుకుంది. "పైది ఇయ్యకు. ఏ రాశికైన పైన తాలుంటది. నడుమకెళ్లి తియ్" అంది.

నడుమ నుంచి ఒక పలక తీసి ఇచ్చాను. అవ్వ దాన్ని ఎండకు ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. లోపల ఏమీ కనబడలేదు. "మంచిగుంది" అంది. జొన్నలు, కందులు, బీరగింజలతో పాటు నా పలకను కూడా అవ్వ చేను మూలన భూమిలో పెట్టారు. మా జీపులో పెట్టె ఒక సీటు మీద, ఇప్పపువ్వు వాసనతో ఘుమఘుమలాడే పారాచూట్ ఇంకో సీటు మీద హైదరాబాదు చేరాయి. ఆ వాసన ఏం ఉతికినా పోలేదు. ఆ పారాచూట్ మడతపెట్టే పని అంటే మా డ్రైవర్ అందరికన్నా ముందు వచ్చేవాడు.

అడుగున, మంటకు దగ్గరగా ఉన్న పలకల్లో గాట్లు మానిపోయాయి. మిగతావి బతికాయి. అవ్వ ఆ రోజు పొయ్యి ఆర్పకపోతే అవీ దక్కేవి కావు. వానాకాలమంతా నేను మైక్రోస్కోపుకు కన్ను అతికించి కూర్చున్నాను. అట్లా చూస్తూండగా ఒక పలకలో మిగతా అన్నిటికన్నా లావైన గుంట కనబడింది. దాని కింది పలకలోనూ అదే చోట ఉంది. ఆ కిందిదాంట్లో ఇంకా లావుగా ఉంది. ఏదో బరువైన కణం నిలువునా దిగుతూ, దిగుతూ, నెమ్మదిస్తోంది. దాని తరువాతి పలక గూడెంలో ఉంది. ఆ తరువాతి దాంట్లో ఆ చోట ఏమీ లేదు, అద్దంలా శుభ్రంగా ఉంది.

అంటే అది మధ్యలో ఆగిపోయింది. దూసుకుపోయిన కణాల సంగతి కొంతే తెలుస్తుంది. ఎక్కడ ఆగిందో చూస్తేనే కణం ఏమిటో సరిగ్గా తేలుతుంది. మా బెలూనుకు దొరికినవాటిలో అన్నిటికన్నా గొప్ప కణం ఆకాశమంతా దాటి వచ్చి, సరిగ్గా నేను భూమికి ఇచ్చిన పలకలో ఆగింది. సారుకు చూపిస్తే ముందు నవ్వారు, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వారు, తరువాత నవ్వడం ఆపి, "వెళ్లి తవ్వి తీసుకురా. అది ఉంటే నీ థీసిస్ ఇంకోలా ఉంటుంది" అన్నారు.

వానలు వెనకపట్టాక వెళ్లాను. సంచిలో మట్టి తవ్వే కుర్పీ పెట్టుకున్నాను. అవ్వ వాకిట్లోనే ఉంది, పొయ్యి మళ్లీ ఇంట్లోకి చేరింది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "మొలిచినయా?"

"మొలిచినయ్ అవ్వా. మస్తు మొలిచినయ్."

"మాది ఒక్కటి మొలవలె" అంది అవ్వ, తప్పు తనదే అయినట్టు. చేను మూలకు తీసుకుపోయింది. జొన్న ఏపుగా ఉంది. ఆ మూలన మాత్రం జానెడు జాగా ఖాళీగా ఉంది. కోళ్లు గీకకుండా చుట్టూ ముళ్లకంప నాటి ఉంది. లోపల మట్టి తడిగా, గుల్లగా ఉంది. వాన పడని రోజుల్లో నీళ్లు కూడా పోస్తున్నట్టుంది. "కలుపు తీసేటప్పుడు దీని దిక్కు ఎవ్వలను రానియ్యలె. అయిన గూడ మొలవలె. అంత జూసి నడుమది ఏరితిమి గద, తాలైతదా?"

నా చెయ్యి సంచిలో కుర్పీ మీదే ఉంది. తవ్వితే రెండు నిమిషాల పని.

"తాలు కాదవ్వా" అన్నాను. "అన్నిట్లకెల్లి గట్టి గింజ అదే. మిగిలినయన్ని దూసుకుని ఎటో పోయినయ్. అదొక్కటే ఇక్కడ ఆగింది."

అవ్వ ఆ మూల వైపు చూసింది. "ఎక్కడికెళ్లి వచ్చింది?"

"చుక్కల కాడికెళ్లి."

"గంత దూరమా!" అంది అవ్వ. వంగి, ఒరిగిపోయిన ముళ్లకంపను నిలబెట్టబోతూ, రెండో కొస పట్టుకోమని నాకు చెయ్యి ఊపింది. "అట్లయితె అలిసి ఉంటది బిడ్డా. తొందరపెట్టకు."

కుర్పీని సంచిలోనే వదిలేసి, రెండో కొస పట్టుకున్నాను.